గడ్డకు తెలియని ముహూర్తం

ఫిబ్రవరి 12, గురువారం

ఎదురింటామె మళ్ళీ అడిగింది, కవలలా అని. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది — "ఒకడే. మగబిడ్డ, అందుకే పొట్ట అంత ఉండాది." మగబిడ్డంట! సగం పొట్ట గడ్డది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అని ఐదో నెల నుంచీ డాక్టరమ్మ చెబుతూనే ఉంది. ఇంట్లో ఆ మాట ఎత్తకూడదట, దిష్టి తగులుతుందట.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నొప్పి. నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు పెట్టాను. "మేమూ కన్నాము, ఇంత నాటకం యాడా సూడలేదు" అంది అత్త. ఒళ్ళు మండిపోయింది.

మార్చి 5, గురువారం

స్కానింగ్. గడ్డ కింద, సరిగ్గా బిడ్డ బయటికొచ్చే దారిలో... పైన బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఇక ఆపరేషనే. నొప్పులు మొదలవకముందే, వచ్చే బుధవారం పొద్దున. రక్తం బాగా పోవచ్చు. ఆగకపోతే గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. ఆ రోజైతే మత్తు డాక్టరు ఉంటాడు, డాక్టరమ్మ రక్తం సిద్ధంగా పెట్టిస్తుంది, దానికి బదులు మావాళ్ళు ఇవ్వాలి.

అత్త అడిగింది ఒకటే. "ఎట్లాగూ కోస్తారు గదమ్మా, ఆ గడ్డను గూడా తీసేయండి." అప్పుడు దాన్ని కదిలిస్తే రక్తం ఆపడం కష్టమంది డాక్టరమ్మ. అత్త మొహం మాడ్చుకుంది, కూరగాయలామె కొసరు వేయనన్నట్టు.

మార్చి 7, శనివారం

అత్త అయ్యవారి దగ్గర ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టించుకొచ్చింది. శుక్రవారం తెల్లవారుజామున. బుధవారం పుడితే తండ్రికి గండమంట.

చచ్చేది నేను, గండం ఈయనకు!

ఈయన్నే అడిగాను, మీరేమంటారని. "రెండు దినాలే గదా... అమ్మ గూడా మన మంచికే..." ఛీ.

మార్చి 8, ఆదివారం

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. శుక్రవారం ఆ వేళకు మత్తు డాక్టరు దొరకడు. "ఈలోపల నీకు నొప్పులొస్తే ఇద్దరికీ ప్రమాదం" అంది.

మార్చి 9, సోమవారం

ఐరాలకు, పుట్టింటికి ఫోన్. "నాయనా, బుధవారం రావాల. రక్తం ఇయ్యాల."

"టమోటా కోత ఉండాది. పోతే పోనీలే. బుధవారం తెల్లారేసరికి ఆడుంటా."

ఎందుకని కూడా అడగలేదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

మార్చి 11, బుధవారం

వార్డు. ఆకుపచ్చ గౌను. నేనే ఆటో పిలుచుకుని వచ్చేశాను — వెనకే స్కూటర్ మీద తల్లీకొడుకులు. నాయన రక్తం ఇచ్చి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

నా సంతకం అయింది. గర్భసంచి తీయాల్సొస్తే భర్త కూడా ఒప్పుకోవాలట. నా గర్భసంచికి ఆయన సంతకం!

తలుపవతల అత్త. "ఇప్పుడన్నా చెప్పరా, శుక్రవారం దాకా ఆపమని. సంచి తీసేస్తే మళ్ళీ బిడ్డలెట్లా?"

నర్సు — "ఏమప్పా, పెడతావా పెట్టవా? లోపల డాక్టరమ్మ నిలబడుకోనుండాది."

తలుపు సందులోంచి ఆయన చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. పెన్ను పట్టుకునే ఉన్నాడు...

పెన్ను ఇంకా కదల్లేదు.