నాయన ఆగే చోట

వెస్ట్ మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్.
17 మార్చి 2025, సోమవారం.

ప్రియమైన తమ్ముడు దేవదానానికి,

మీ అక్క మేబెల్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నేను, నీ బిడ్డ సృజన క్షేమంగా ఉన్నాం. అక్కడ నువ్వు, స్వర్ణలత, చేను, గొడ్డూ గోదా అంతా బాగుండాలని పూటపూటా ప్రార్థన చేసుకుంటున్నాం. నీ బోరు మోటారు కాలిపోయిందని, అందుకని ఆదివారం ఆరాధనకు రాలేవని స్వర్ణలత మొన్న ఫోన్ చేసి చెప్పింది. బాగైందో లేదో రాయి. ఈ ఎండలకు నీళ్ళు ఆపితే టమాటా నిలవదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని స్వర్ణలత నవ్వుతుందని తెలుసు. ఫోన్‌లో నువ్వు 'ఊఁ' తప్ప ఇంకో మాట అనవు. నత్తితో మాట తట్టుకుంటుందని నీ భయం. ఆ ఖాళీ నింపాలని నా తొందర. చివరికి నేనే మాట్లాడి, నేనే జవాబు చెప్పుకుని, నేనే పెట్టేస్తాను. ఉత్తరంలో అయితే ఇద్దరం సమానం.

నువ్వు రాలేదు కాబట్టి నిన్న జరిగింది మొదటి నుంచి రాస్తాను.

చదువు కోసం నా దగ్గర ఉంటున్న సృజన ఈ ఏడు కన్ఫర్మేషన్ తరగతిలో చేరుతానంది. ఆ సంగతి తెలిసినప్పుడు నువ్వు స్వర్ణలతతో కబురు పంపావు. "పిల్లను గంతమందిల నిలవెట్టకుమని చెప్పు అక్కకు. నా లెక్కనే అయితది" అన్నావట. నీ మాట తప్పు కాదు. నీ చిన్నప్పుడు మన ఊరి గుడిలో జరిగింది నేనూ చూశాను. మనం నమ్మేదంతా వరుసగా ఒప్పుకునే ఆ విశ్వాస ప్రమాణం నాకంటే నీకే బాగా వచ్చు. అప్పటి పాస్టరు అయ్యగారు నిన్ను నిలబెట్టి చెప్పమంటే మొదటి మాట దగ్గరే నాలుక పట్టేసింది. వెనక చాపల మీద నవ్వులు లేచాయి. అయ్యగారు, "కూర్చో నాయనా, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. నువ్వు కూర్చోలేదు. చాపలు దాటుకుంటూ బయటికి నడిచిపోయావు. ఆ వచ్చే ఏడు ఇప్పటికీ రాలేదు.

ఇక్కడ కూడా పద్ధతి అదే. బిషప్ గారు వచ్చి పిల్లల తల మీద చేయి పెట్టి, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు చేర్చుకునే ముందు, ఒక ఆదివారం వాళ్ళు ఒక్కొక్కరే సంఘం ఎదుట నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పాలి. ఎవరూ అందించకూడదు. నేర్పిన టీచరు అసలే పెదవి కదపకూడదు. చెప్పలేకపోతే ఆ ఏటికి బల్ల లేదు. ఆ టీచరును నేనే.

చెప్పమని నేను సృజనను బలవంతం చేయలేదు. కొత్తగా వచ్చిన అయ్యగారు మంచివాడు. రాసి ఇచ్చినా చాలన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. "రాసిస్తే ఎప్పటికి అందరు నన్నే చూస్తరు గద అత్తమ్మా. నిలవడి చెప్తేనన్న జెరసేపు చూస్తరు" అంది. దాని లెక్క దానిది.

రోజూ వంటింట్లో చెప్పించేదాన్ని. చపాతీలు ఒత్తుతూ నాతో కలిసి చెబితే ఎక్కడా తట్టుకోదు. నేను ఆపగానే దానిదీ ఆగిపోతుంది. నువ్వూ అంతే కదా. నాయనతో కలిసి చెప్పినప్పుడు నీకు నత్తి ఉందని ఎవరూ అనుకునేవారు కాదు.

ఒక పూట విచిత్రం జరిగింది. నాయన ఎట్లా నేర్చుకున్నాడో నీకు గుర్తుంది. అక్షరం రాదు. పాఠం చెప్పే ఉపదేశి మోట బావి దగ్గరికే వచ్చి నేర్పాడు. నీళ్ళు పైకి లాగుతూ ఎడ్లు కిందికి దిగుతుంటే నాయన చెప్పుకుంటూ పోయేవాడు. బొక్కెన పోసి, ఎడ్లను వెనక్కి నడిపించేటప్పుడు ఊపిరి తీసుకునేవాడు. దాంతో ఎవరూ ఆగని ఒక చోట, వాక్యం నడుమ, నాయనకు ఊపిరి తీసుకోవడం అలవాటైంది. గుడిలో అందరూ ముందుకు పోతే నాయన ఒక్కడే వెనకబడి, తర్వాత గబగబా వచ్చి కలిసేవాడు. అమ్మ మోచేత్తో పొడిచేది. మన ఇద్దరికీ అదే అంటుకుంది. టీచరు ట్రైనింగుకు వచ్చాక తోటి పిల్లలు నవ్వితే నేను మానుకున్నాను.

ఆ పూట సృజన సరిగ్గా అక్కడే ఆగింది. ఎవరు నేర్పారే అని అడిగాను. "ఎవ్వలు నేర్పలే. బాపు చేన్ల నీళ్ళు వారిచ్చుకుంట రోజు చెప్పుకుంటడు గద. మీకు తెల్వదా?" అంది. నువ్వు చెప్పుకుంటావని తెలియదన్నాను. చపాతీ మాడింది. పిల్లను దిద్దాల్సినదాన్ని, దిద్దలేదు.

ఇక నిన్నటి సంగతి. ముందుగా లీలాకుమారి గారి మనవడు లేచాడు. ఆమె మా సండే స్కూలు పెద్ద. పద్ధతి అంటే ఆమెకు ప్రాణం. వాడు స్టేషన్‌లో ఆగని బండిలా మొదలు నుంచి ఆమెన్ దాకా ఒకే ఊపిరిలో పోయి కూర్చున్నాడు. ఆమె చుట్టూ చూసింది, అందరూ విన్నారా అని.

తర్వాత సృజన. తల మీద ముసుగు సర్దుకుంది. నోరు తెరిచింది. మొదటి మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మెడ నరాలు లేచాయి. ఎవరూ నవ్వలేదు, అది రాయాలి నీకు. కానీ ఎవరిదో ఫోను మోగింది. దాన్ని ఆపేదాకా అందరూ అటు చూసి, మళ్ళీ పిల్లను చూశారు. నేను చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. పెదవి కదిపితే మొత్తం చెడుతుంది. అయ్యగారు దగ్గరికి వంగి, "కూర్చుంటావా అమ్మా" అని అడిగాడు. అది తల అడ్డంగా ఊపింది. చెప్పలేదు, కూర్చోలేదు. నీ మొండితనమే.

అప్పుడు వరండాలోంచి, చెప్పులు విడిచే చోటు నుంచి, ఒక మగ గొంతు విశ్వాస ప్రమాణం మొదలుపెట్టింది. మొదటి మాట విరిగింది. మళ్ళీ అందుకుని మళ్ళీ విరిగింది. మూడోసారి సాగింది. సృజన ఒక్క క్షణం విన్నది. తర్వాత దాని నోట మాట వచ్చింది. ముందు వరసలో ఉన్న ముసలమ్మలు, సంఘమంతా చెప్పే వేళ అయిందనుకుని లేచి నిలబడ్డారు. వాళ్ళను చూసి అందరూ లేచారు. గుడంతా కలిసి చెప్పింది. సృజన కూడా చివరిదాకా చెప్పింది. ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా అంది.

ఆలస్యంగా వచ్చిన ఎవరో, ఆరాధన ఎక్కడిదాకా వచ్చిందో తెలియక మొదలుపెట్టారని అందరి ఊహ. లీలాకుమారి గారికి కోపం వచ్చింది. "లేటుగ వచ్చుడు ఒకటి, మీదికెళ్ళి నడుమ షురూ చేసుడా! ఏందీ పద్ధతి?" అంది. ఆరాధన ముగిశాక అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఇది లెక్కలోకి రాదని, పిల్ల ఒక్కతే చెప్పాలని పట్టుబట్టింది. తన మనవడికి ఎవరు తోడొచ్చారని అడిగింది. "వానికి తోడెందుకమ్మా, వానికి బ్రేకులు కావాలె" అన్నాడు అయ్యగారు. ఆమె కూడా నవ్వింది కానీ వదల్లేదు. అప్పుడు ఆయన, "ప్రతి ఆదివారం మీరు గూడ అందరితోటి కలిసే చెప్తరు గదా. మీది లెక్కకు వస్తలేదా?" అని అడిగాడు. ఆమె, "వస్తది" అంది. పోతూ పోతూ సృజన ముసుగు సరిచేసి, "బట్టలకు పిన్ను పెట్టుకోవాలె బిడ్డా, జారుతది" అని చెప్పి వెళ్ళింది. ఆమె ఒప్పుకోవడం అట్లా ఉంటుంది.

బిషప్ గారు ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం వస్తారు. బల్లకు చేరే పిల్లల పట్టీలో సృజన పేరు ఉంది. ఆ రోజుకు తెల్ల చీర కావాలంటోంది. దాని మొదటి చీర. నువ్వు తెస్తావో నన్ను కొనమంటావో చెప్పు. మాసినట్టుండే తెలుపు కొనకు, పిల్ల నొచ్చుకుంటుంది.

స్వర్ణలతకు నా వందనాలు. నువ్వు ఎండలో తిరగవద్దు.

ప్రార్థనలో నీ పేరు మరవని
మీ అక్క,
మేబెల్

తా.క.: మోటారు సంగతి రాయనక్కర్లేదు. అది కాలలేదని తెలుసు. వరండాలో గొంతు మొదలుపెట్టినప్పుడు నేను పోల్చుకోలేదు. నీ గొంతు అంత పెద్దగా విని ఎన్నేళ్ళో అయింది. నాయన ఆగే చోటికి వచ్చేసరికి సంఘమంతా ముందుకు పోయింది. వరండాలో గొంతు ఆగింది. నా ముందు సృజన ఆగింది. మానుకున్నాననుకున్న నేనూ ఆగాను. ముగ్గురం అక్కడ ఊపిరి తీసుకుని, గబగబా పోయి అందరినీ కలిశాం. ఆరాధన అయ్యాక వరండాలోకి వచ్చి చూస్తే నువ్వు లేవు. సృజన గేటు దాకా పోయి, రోడ్డుకు అటూ ఇటూ చూసి వచ్చింది. ఇంటికి నడుస్తూ ఒక్క మాట అంది. "బాపు తిని పోయినా బాగుండు అత్తమ్మా."

మట్టల ఆదివారం నలుగురికి వండుతున్నాను. చెప్పులు విడిచి లోపలికి రా.