మా బ్లాక్‌బోర్డు మీద వాడి గుర్తు

బుధవారం రాత్రి. పోలింగుకు ఇంకా పదకొండు రోజులు.

మా రాత్రి బడి బ్లాక్‌బోర్డును పాడుచేసినవాడు వార్డు లీడరు సూర్రావు. బోర్డు నిండా ఆయిల్ పెయింటుతో తన పార్టీ గుర్తు వేయించాడు. ఇదేమిటని అడిగితే, ఊళ్ళో కరపత్రాలు పంచే నన్ను చూసి పళ్ళికిలించాడు.

"నీ పెద్దోళ్ళకి సదువెందుకు, పాంప్లెట్ల పంతులూ? బొమ్మ గుర్తుంటే సాలు, గుద్దేత్తారు."

కాలరు పట్టుకోబోయాను. చెరుకు కోత నుంచి నేరుగా బడికి వచ్చిన పైడమ్మ నన్ను పక్కకు నెట్టింది.

"ఓరి సూర్రావూ, మరి నా పేరెక్కడ రాసుకోవాలిరా? నీ నుదుటి మీదేటి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈసారి బూత్‌లో వేలిముద్ర వేయననీ, సంతకమే పెడతాననీ పైడమ్మ పంతం. ‘పైడ’ వరకు వచ్చింది. మకు మ వత్తు ఇవాళ నేర్పాలి. ఆ రంగు మీద సుద్ద జారిపోయింది, ఒక్క గీత కూడా పడలేదు.

ప్రతి ఎన్నికకూ ఈ లీడర్లకు మావాళ్ళ బొటనవేళ్ళే కావాలి. పేరు రాయడం వస్తే ప్రశ్న రాయడం కూడా వస్తుందని వీళ్ళ భయం. నేను వాణ్ణి కొట్టి ఉంటే ఆ సాకుతో బడికే తాళం వేయించేవాడేమో...

రేపు వాళ్ళ అభ్యర్థి జీపు మా వీధికి వస్తుంది. కొత్త బోర్డు, జీతమున్న టీచరు, బడికి కరెంటు ఇస్తామని కాగితం మీద రాసిచ్చేదాకా కదలనివ్వం. పొద్దున్నే ఇంటింటికీ చెప్పాల్సిన మాట ఒక్కటే: సాయంత్రం సరిగ్గా ఆరింటికి, బడి గుమ్మం ముందుకు, పలకలతో రండి.