దగ్గు బాబాయి

తమ్ముడూ, ఇక్కడ అందరం కులాసా. నాన్నకు దగ్గని ఎవరైనా చెబితే కంగారు పడకు, అది మందుకు తగ్గే దగ్గు కాదు.

ఏడాది చివరి సెలవులకు ఇల్లంతా నిండిపోయింది. మంచాలు చాలక అల్లుళ్లు కూడా చాపలమీదే పడుకున్నారు. భోజనానికి ముందు నాన్న చేసే ప్రార్థన తెలుసుగా, పెద్దదాన్ని కాబట్టి నాతో మొదలుపెట్టి పేరుపేరునా అందరినీ చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతారు. మీరిద్దరూ మాటా మాటా అనుకున్నప్పటి నుంచి నీ పేరు రావలసిన చోట దగ్గి ఊరుకుంటున్నారు. ఈసారీ దగ్గారు. నడిపివాడి కూతురు కళ్లు తెరిచి, "తాతయ్యా, ఈ దగ్గు బాబాయి మనింటికి ఎప్పుడొస్తాడు?" అంది. పాపం, అదే నీ పేరనుకుంది! మేమంతా నవ్వు బిగబట్టాం. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నాన్న గొంతు సవరించుకుని, "కళ్లు మూసుకోండి, మళ్లీ మొదటి నుంచీ చెప్తా" అన్నారు. చివర్లో, "మా కడగొట్టువాణ్ణి కూడా" అన్నారు. అన్నం చల్లారిపోయినా ఒక్కరూ విసుక్కోలేదు.

వంటింటి కప్పు కారడం ఆగింది. చిన్నక్కకు ఉద్యోగం ఖాయమైంది. మరదలికి వేవిళ్లు తగ్గాయా? అమ్మ పెద్ద కుక్కరు నీ దగ్గరే ఉందట, వచ్చేటప్పుడు మర్చిపోకుండా తీసుకురా.

కార్డులో చోటు అయిపోయింది. నాన్న పక్కనే కూర్చున్నారు. "మీ మాటగా ఏమైనా రాయనా?" అని అడిగితే దగ్గారు. ఆశీస్సులే, అందుకో.

నీ పెద్దక్క