విజిట్ నాటి పట్టుచీర

జూలై 3, 2025. ధర్మవరం

ఐదో తరగతితో బడి మానినదాన్ని. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. మన్నించాలి. ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే చదవకుండా పొయ్యిలో వేయండి.

నాగక్క నడిపే పిల్లల కేంద్రానికి ఈ నెలతో సాయం ఆగిపోతుందట. మగ్గాల మీద కూర్చునే మా వీధి ఆడవాళ్ళం పిల్లల్ని వదిలేది అక్కడే. హిందూపురంలో ఒక ఫౌండేషన్ ఉందని, మాలాంటి చిన్న సంఘాలకు ఏటా గ్రాంట్ ఇస్తుందని, అప్లికేషన్ పెట్టానని నాగక్క చెప్పింది. వాళ్ళు వచ్చి చూసి, తర్వాత కమిటీలో కూర్చుని ఎవరికివ్వాలో తేలుస్తారట.

జూలై 4

కేంద్రం లేనప్పుడు మా హాసినిని మగ్గం గుంజకు కట్టేసేదాన్ని, కాలికి పాత చీర పేలికతో. అప్పుడు ఏడాది పిల్ల. మా ఆయన వీరేష్ ఒకవైపు, నేనొకవైపు మగ్గం మీద. మా అత్త కుళ్ళాయమ్మకు కళ్ళు సరిగా కనపడవు. ఒకరోజు పాప ఏడుస్తోందని అత్త ముడి విప్పింది. పాప పాకుతూ పోయి, కాళ్ళు దించి నేసే మగ్గం గుంతలో పడింది. కనుబొమ్మ మీద మచ్చ ఇంకా ఉంది. ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తం.

జూలై 16, సాయంత్రం

రేపు ఫౌండేషన్ వాళ్ళ విజిట్. అత్త వీధంతా తిరిగి చెప్పి వచ్చింది. పట్టు నేసేవాళ్ళం పేలికలు కట్టుకొని నిలబడితే ధర్మవరం పరువు ఏం గావల్ల అంది. అందరూ పెళ్ళిచీరలే కట్టాలట. ఏమత్తా, గ్రాంట్ అడిగేకి పోతాండామా పెండ్లికి పోతాండామా అని నాగక్క నవ్వింది. అత్త వినలేదు.

జూలై 17

అర్చన మేడం, ఇంకో సారు వచ్చారు. గుమ్మం దగ్గర అందరం పట్టుచీరల్లో నిలబడ్డాం. మేడం హాసినిని ఎత్తుకుంది. మచ్చ తడిమి, ఇదెట్లా అయిందని నన్నే అడిగింది. కేంద్రం లేకపోతే పాపను ఎవరు చూస్తారని అడిగింది. నేను తల దించుకుని కొంగు సర్దుకున్నాను. కొత్తవాళ్ళ ముందు నాకెప్పుడూ ఇంతే. అత్త అందుకుంది. ఆడుకుంటా పడినాది మేడం, పిల్లోళ్ళు పడరా అంది. చూసుకునేకి మేం లేమా, బంగారంగా సాకుతాం అంది. తక్కినవాళ్ళూ అవునవునన్నారు. ఇంటి కష్టం బయటివాళ్ళకు చెప్పడం మా వీధిలో లేదు. సారు అన్నీ రాసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నాగక్క చాప మీద కూలబడింది. మంచిపని చేస్తిరమ్మా అంది. అంతే.

జూలై 29

గ్రాంట్ మాకు రాలేదు. పెనుకొండ సంఘానికి ఇచ్చారు.

జూలై 31

నాగక్కతో హిందూపురం పోయాను. రైలు దిగేదాకా చెప్పాల్సిన మాటలు లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆఫీసులో మేడం టీ ఇప్పించింది. చెప్పేశాను. పాపను కట్టేసిన సంగతి, గుంత సంగతి. ఆ పొద్దు ఈ మాట చెప్పింటే కమిటీలో కొట్లాడేదాన్ని కదమ్మా అంది మేడం. దుడ్లన్నీ పంచేసినాం, వచ్చే ఏడు మళ్ళీ అప్లికేషన్ పెట్టండి అంది. చెడ్డమనిషి కాదు.

తిరుగు రైల్లో పెనుకొండలో ఒకామె ఎక్కింది, పదేళ్ళ పిల్లను చంకనెత్తుకుని. ఆ పిల్ల నడవలేదు. నాగక్క జరిగి చోటిచ్చింది. ఇంక ఇట్లా మోసే పని లేదక్కా, మా సంఘమోళ్ళు ఇంటికే వ్యాన్ పంపుతారంట, హిందూపురమోళ్ళు గ్రాంట్ ఇచ్చినారు అని ఆమె సంబరంగా చెప్పింది. నాగక్క ఆ పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని, మంచిదమ్మా, శానా మంచిది అంది.

నేను కిటికీ వైపు తిరిగాను. కోప్పడటానికి ఎవరూ దొరకలేదు.

ఆగస్టు 2

కేంద్రానికి తాళం పడింది.

ఆగస్టు 4

పొద్దున పేలిక కోసం వెతుకుతున్నాను. అత్త ట్రంకుపెట్టె తెరిచి తన పెళ్ళిచీర తీసింది. విజిట్ రోజు కట్టుకున్నదే. కొంగు పట్టుకుని చించింది. ఆ చప్పుడుకు మా ఆయన మగ్గం ఆపేశాడు. నూలుగుడ్డ కాలు కోస్తాది, పట్టయితే మెత్తగుంటాది అంది అత్త. ముడి తనే వేయబోయింది. గుంజ ఎక్కడుందో దొరక్క చేతులు తడుముకున్నాయి. నేనే వేశాను.

కేంద్రంలో నేర్చిన పాట హాసిని ఇంకా పాడుతోంది. పాట చివర గుండ్రంగా తిరగాలి. తిరిగినకొద్దీ పట్టు కాలికి చుట్టుకుంటోంది.

ఆగస్టు 5

మొదటి పేజీలో రాసిన మాట వద్దు. దీన్ని కాల్చకండి. ఎవరైనా అడిగితే, పాపకు ఆ మచ్చ ఎట్లా వచ్చిందో ఇందులో ఉంది.