అన్నీ ఎనిమిదులే

గురువారం సాయంత్రం

అవును యూసుఫ్ భాయ్, మురికే అనుకున్నాను. "చదువు లేనోనికి నలుపంతా మురికి లెక్కనే కనవడ్తది" అని నిన్న అమీర్‌పేటలోని నీ బోర్డుల రిపేరు షాపులో అందరి ముందూ అన్నావు. ఏడో తరగతిలో బడి మానేసిన మాట నిజమే. కానీ ఆ నలుపు ఎందుకుందో ఒక్కసారైనా చెప్పావా?

పంజాగుట్ట క్లినిక్‌లోని టోకెన్ బోర్డు బాగా వెలగాలనే శుభ్రం చేశాను. అంకెలోని ఎర్రగీతల మధ్య ఉన్న నల్లరంగును బ్లేడుతో గీకేశాను. ఇప్పుడు ఒక గీత వెలుగు పక్క గీతలోకి పారుతోంది. మూడు వేసినా ఐదు వేసినా ఎనిమిదే కనిపిస్తోంది. ఇవాళ పొద్దున మళ్ళీ నలుపు పూస్తే గీతల మీదికి కారింది.

ఆ కారిన రంగు నేను తుడుస్తుండగానే మూడో నంబరు వేశారు. ఎనిమిదో నంబరాయన లేచి లోపలికి పోయాడు. మూడో చీటీ ఉన్న తల్లి, జ్వరంతో కాలుతున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నన్నే అడిగింది.

"నా నంబర్ ఎప్పుడొస్తది తమ్మీ?"

వచ్చి పోయిందక్కా అనకుండా బోర్డు వైపు తిరిగి మళ్ళీ తుడిచాను.

"బోర్డు బాగయ్యేదాంక నువ్వే ఆడ నిలబడి నంబర్లు ఒర్రు" అన్నావు భాయ్. అది బాగవుతుందని నాకైతే నమ్మకం లేదు.

ఆరైంది. క్లినిక్ తెరిచే ఉంటారు. మళ్ళీ ఒకటో నంబరు నుంచి పిలవాలి, పోతున్నా.