తొంభై ఒకటి అంటే తొంభై ఒకటే

62వ నంబరు క్యాడీ లమ్‌దువాన్‌కు గోల్ఫ్ క్లబ్బు మేనేజరు తెలియజేయునది:

ఆదివారం సభ్యుల కప్పు పోటీలో కమిటీ అధ్యక్షులు ప్రసోంగ్ గారి బ్యాగు మోసింది నువ్వే. ఆయన వాచీ ఎనభై నాలుగు షాట్లు చూపుతోంది. నువ్వు లెక్క రాసిన కార్డులో తొంభై ఒకటి ఉంది. ఎంత తక్కువ కొడితే అంత గొప్ప అనే ఆటలో ఏడు ఎక్కువ రాయడమంటే ఆయన చేతిలోని కప్పు లాక్కోవడమే. ఆ వాచీ చేతి ఊపును, బంతి తగిలిన అదురును తనంతట తానే పసిగడుతుంది. ఎక్కడ నిలబడి కొట్టారో ఉపగ్రహాన్ని అడిగి మరీ రాస్తుంది. కార్డు దిద్ది, క్షమాపణతో పంపు.

ఇట్లు,
వొరావిత్, మేనేజరు

తా.క. కప్పు మీద ఆయన పేరు చెక్కించేశాం.

*

మేనేజరు గారికి రెండు చేతులూ జోడించి లమ్‌దువాన్ రాస్తున్నది.

దిద్దను సార్. పంతొమ్మిదేళ్లుగా లెక్క రాస్తున్నాను. గుంత దగ్గరికొచ్చాక బంతిని మెల్లిగా నెడతారు కదా, దానికి మణికట్టు అదరదు. అదరకపోతే వాచీకి తెలియదు. అలా ఎనిమిది దానికి అందలేదు. ప్రసోంగ్ గారు గుంత చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో, జెండా పట్టుకు నిలబడ్డ నా కాళ్లనడగండి.

ఉంటాను,
లమ్‌దువాన్

తా.క. ఎనిమిదైతే తేడా ఏడే ఎందుకంటారా? పదో గుంత దగ్గర ఆయన కోపంతో నేలకు కర్రతో ఒక్కటిచ్చారు. వాచీ దాన్నీ షాటని రాసుకుంది.

*

లమ్‌దువాన్‌కు,

ఉపగ్రహం కంటే నీ కాళ్లకు ఎక్కువ తెలుసా? కార్డు దిద్దేదాకా మైదానంలో అడుగుపెట్టకు. నీ నంబరు చొక్కా స్టోరులో అప్పగించు. నేను పక్షపాతినని అనకుండా నిన్న నేనే అలాంటి వాచీ కట్టుకుని ఆడాను. డెబ్భై తొమ్మిది! నా జన్మలో తొంభై లోపు ఆడలేదు. అంత మంచి వాచీ అబద్ధం చెబుతుందా?

ఆజ్ఞాపించడమైనది,
వొరావిత్

తా.క. ఆ అంకె ఫోటో మా అత్తగారికి పంపాను. పెళ్లయ్యాక ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.

*

మేనేజరు గారికి,

చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేశాను. అంకె మాత్రం ఇవ్వను. ఆ చొక్కాతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. బాధ లేదని అనను, రెండ్రోజులుగా అన్నం సయించడం లేదు. అయినా ఎండలో నిలబడి చూసింది నేను. చూసింది చూడలేదని రాస్తే ఇక నేను క్యాడీని కాను, బ్యాగు మోసే చక్రాల బండిని. ఆ రోజు మీ బ్యాగు మోసిన ఒరథై కార్డులో తొంభై మూడుంది. ఒరథైనీ ఇంటికి పంపేస్తారా?

తగ్గేది లేని,
లమ్‌దువాన్

తా.క. ఆ కార్డు ఫోటో కూడా మీ అత్తగారికి కావాలేమో కనుక్కోండి.

*

గౌరవనీయురాలైన లమ్‌దువాన్ అక్కకు,

కమిటీ ఎంతో దయతో మిమ్మల్ని వెంటనే పనిలోకి రమ్మంటోంది. తొంభై ఒకటి అని కొత్త కార్డు రాసి, సంతకం పెట్టి, ఈ డ్రైవరు చేతికే ఇవ్వగలరు. నా ఆట తొంభై మూడేనని ఒరథై చేత కూడా రాయించగలరు. శనివారం లోపు చాలు. కారణాలు అడగవద్దని ప్రార్థన.

మీ తమ్ముడులాంటి
వొరావిత్

తా.క. చొక్కా పంపుతున్నాను. ప్రేమతో మళ్లీ నేనే ఇస్త్రీ చేశాను. కాలర్ కొంచెం కాలింది.

*

తమ్ముడులాంటి మేనేజరు గారికి,

కారణం నేనడగలేదు, ఒరథై వచ్చి చెప్పింది. వాచీ ఆ అంకెల్ని కూడా తనంతట తానే గోల్ఫ్ సంఘానికి పంపేసిందట. ఆట సరిగా రానివాళ్లకు పోటీల్లో కొన్ని షాట్లు మాఫీ చేస్తారు కదా, మీరూ ప్రసోంగ్ గారూ మొనగాళ్లయ్యారని ఆ మాఫీ కాస్తా కోసేశారట. శనివారం చియాంగ్‌రాయ్ క్లబ్బులోని అసలైన మొనగాళ్లతో సరిసమానంగా దిగాలట. పాపం.

కొత్త కార్డు రాయను. పాతది మీ సొరుగులోనే ఉంది, మొదటి రోజే సంతకం పెట్టాను. దాన్నే పంపండి. అయితే తొంభై ఒకటి నిజమైతే కప్పు ఆ ఆదివారం ఎనభై ఎనిమిది కొట్టిన మాలీ టీచరు గారిది. ప్రసోంగ్ గారే దాన్ని మోసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాలి. ఆ తర్వాతే చొక్కా తొడుక్కుంటాను.

మీ అక్క,
లమ్‌దువాన్

తా.క. తొంభై మూడూ నిజం కాదట. మీరు మేనేజరని భయపడి ఒరథై నాలుగు మింగేసిందట. అసలు అంకె తొంభై ఏడు. నా సంగతి చూశాక దానికీ ధైర్యమొచ్చింది. దిద్దిన కార్డును పొద్దున్నే క్లబ్బు గుమ్మం దగ్గర, అందరికీ కనబడేలా అంటించిందట.