ఉమ్మడి చిప్పు, వేరుకాపురం చిప్పు

మార్చి 3, సోమవారం

ఈరోజూ ఫోన్లు ఎత్తే పనికే కూర్చోబెట్టారు. మామగారి వీడియో స్టూడియోలో అసలు ఎడిటింగ్ పని నాది. పోయిన నెల, ఎడిట్ చేసిందంతా ఒక్క వీడియోగా తయారయ్యే రెండరింగ్ సగంలో ఉండగా, ప్లగ్ పీకింది మా తోడికోడలు, అదే పెద్దకోడలు అక్క. ఫైల్ గల్లంతు. చిన్నదానికి చేతకాదు మామయ్యా అని తనే ముందు వెళ్ళి చెప్పింది. నేను నోరు తెరిచేలోపు మెయిన్ రూమ్‌లో నా కుర్చీ ఆవిడదైపోయింది. మా ఆయన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

వదిలిపెట్టను.

మార్చి 4

మామగారు సిస్టమ్స్ అన్నీ మార్చేస్తారట. మార్కెట్‌లో రెండు డ్యూయల్ కోర్ ప్రాసెసర్లు నువ్వా నేనా అంటున్నాయి. కోడళ్ళిద్దరూ చెరొకటి బిగించండమ్మా, ఏది ముందు రెండర్ చేస్తే అదే కొందాం, గెలిచినామె చెప్పినట్టే మెయిన్ రూమ్ నడుస్తుంది అన్నారు.

చిప్పులో పనిచేసే మెదళ్ళు కోర్లు, అవి డేటాను చేతికందేలా దాచుకునే అర క్యాష్. ఒకదానిలో రెండు కోర్లూ ఒకే క్యాష్ వాడుకుంటాయి. రెండోదానిలో దేని క్యాష్ దానిదే. ఉమ్మడి, వేరుకాపురం అని పేర్లు పెట్టాను. అక్క వేరుకాపురం తీసుకుంది. తీసుకోదూ మరి!

మార్చి 7, మధ్యాహ్నం

దేవుడున్నాడు. చిప్పును చల్లబరచడానికి పైన బిగించే కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది. దాన్ని పీకి బిగించాలి. ఆవిడ పీకలేదు. అంచు బయటికి కనిపిస్తోంది. ఇక వేడి బయటికి పోదు, చిప్పు ఉడికిపోయి నడక తగ్గించేస్తుంది.

చెప్పలేదు. వెళ్ళి టీ తాగాను. పంచదార ఎక్కువ వేసుకున్నాను.

మార్చి 8

గెలిచాను!

నాది ముగించి చల్లగా కూర్చుంది. ఆవిడది సగం దూరంలోనే చతికిలబడింది. అక్క ముఖం చూడాలి, కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నా కడుపు నిండిపోయింది.

ఎందుకు గెలిచిందమ్మా అని మామగారు అడిగారు. ఫిల్మ్ సంగతి మింగేసి ఉపన్యాసం దంచాను. క్యాష్ ఉమ్మడిగా ఉంటే ఒక కోర్ తెచ్చుకున్నది రెండోదీ వాడుకుంటుంది, ఒకటి ఖాళీగా ఉంటే చోటంతా రెండోదానిది, నీది నాది అని గిరి గీసుకుంటే పని సాగదు మామయ్యా అన్నాను. మధ్యమధ్య అక్క వైపు చూశాను కూడా. మామగారి కళ్ళు చెమర్చాయి. ఎందుకో మరి.

మార్చి 9, ఆదివారం

స్టూడియోలో ఎవరూ లేరు. ఉండబట్టలేక ఆ ఫిల్మ్ పీకేసి, మళ్ళీ పోటీ పెట్టాను. అయినా ఉమ్మడిదే ముందు, వెంట్రుకవాసిలో.

అంటే చెప్పినా గెలిచేదాన్నే. నోరు మూసుకున్నదంతా దండగ. ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 10

మెయిన్ రూమ్‌లో ఒకే టేబుల్, రెండు కుర్చీలు.

మామగారి చేతిలో స్క్రూడ్రైవర్. ఇదివరకు మధ్యలో ఉన్న అడ్డుచెక్కను ఆయనే స్వయంగా విప్పేశారట. చిన్నకోడలు ఎంత బాగా చెప్పింది, ఇకనుంచి ఏ ప్రాజెక్ట్ అయినా ఇద్దరూ కలిసే చేస్తారు అని అందరికీ చెబుతున్నారు. నా పరువు పెంచుతున్నానని ఆయన నమ్మకం.

మా ఆయన చప్పట్లు కొట్టాడు. ఇంటికి రానీ.

మార్చి 17

మేమిద్దరం కలిసి చేసిన మొదటి ప్రాజెక్ట్‌లో క్లైమాక్స్ అక్క ఎడిట్ చేసింది. నాకన్నా బాగా చేసింది. చచ్చినా ఆ మాట అనను.